బుగ్గచుక్కలో పచ్చచుక్క

2024లో మూఢం, ఆ వెంటనే ఆషాఢం వచ్చి మూడు నెలలకు పైగా పెళ్లిళ్లు లేవు. శ్రావణం రాగానే తిరుపతిలో ఖాళీ కల్యాణ మండపం దొరకలేదు. మా ఆయన ఫోటోగ్రాఫర్. ఆయన తీసిన ఫోటోలు ఏరి, రంగులు సరిచేసి, ఆల్బమ్ షీట్లు డిజైన్ చేసేది నేను. బైరాగిపట్టెడలో మా ఇంటి ముందుగదే మా ఆఫీసు. వచ్చే పని మీద నమ్మకంతో ఆ ఆగస్టు మొదటి వారంలో కొత్త మానిటర్ కొన్నాం. 27 అంగుళాలది, ఫుల్ హెచ్‌డీ కన్నా ఎక్కువ చుక్కలుండే క్యూహెచ్‌డీ తెర, పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్, మూడేళ్ల వారంటీ. బిల్లు 23,800 రూపాయలు. పనిలేని నెలల తర్వాత మాకది పెద్ద ఖర్చు. ఎన్నో చూసి, ఇద్దరు ముగ్గురిని అడిగి మరీ కొన్నాం.

కొన్న పంతొమ్మిదో రోజు రాత్రి ఒక పెళ్లికూతురి క్లోజప్ మీద పని చేస్తున్నాను. 12×36 అంగుళాల షీటులో సగానికి ఆ ముఖమే రావాలి. కల్యాణ బొట్టు, కాటుకతో దిద్దిన బుగ్గచుక్క, మెడలో పచ్చల హారం. ఫోటోను 200 శాతానికి పెద్దది చేస్తే బుగ్గచుక్క నల్లగా, గుండ్రంగా తెర మీదికి వచ్చింది. ఆ నలుపు నడుమ ఆకుపచ్చగా ఏదో మెరిసింది. హారంలోని రాయి వెలుగు పడిందేమో అనుకున్నా. అయినా బుగ్గ మీద పడని వెలుగు కాటుక మీద ఎలా పడుతుంది? కెమెరా సెన్సార్‌లో పాడైన చుక్క అయుంటుందని ఫోటోషాప్‌లో మచ్చలు చెరిపే హీలింగ్ బ్రష్ తీసి దిద్దాను. పోలేదు. మళ్లీ దిద్దాను. పక్కనున్న రంగు తెచ్చి దాని మీద అతికించి (క్లోన్ చేసి) చూశాను. అక్కడే ఉంది.

ఏదో పని మీద ఫోటోను పక్కకు జరిపాను. ముఖం జరిగింది, బుగ్గచుక్క జరిగింది, పచ్చచుక్క మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడది పెళ్లికూతురి జడలో కనిపిస్తోంది. గుండె ఝల్లుమంది. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకుని చూస్తే అందులో చుక్క లేదు. అంటే ఫోటోలో లేదు, ఫోటోషాప్‌లో లేదు, మానిటర్‌లోనే ఉంది. ఎవరికైనా ఇలాంటి అనుమానం వస్తే ముందు ఈ రెండూ చేసి చూడండి. బొమ్మతో పాటు కదిలే చుక్క కెమెరాది, కదలనిది తెరది. తెర లోపం ఎప్పుడూ స్క్రీన్‌షాట్‌లోకి రాదు.

అప్పటికి రాత్రి పదకొండు దాటింది. మా ఆయన్ని లేపాను. గదిలో లైటు ఆర్పి, తెర నిండా ఒక్కొక్క రంగే పెట్టి చూశాం. నలుపు మీద అది ఆకుపచ్చగా వెలిగింది. ఎరుపు మీద పసుపుగా, నీలం మీద సముద్రపు రంగులో కనిపించింది. పచ్చ మీదా, తెలుపు మీదా మాయమైంది. తెలుపు పెట్టినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. కింద కుడివైపు అంచు దగ్గర సన్నని నల్లచుక్క. దుమ్మేమో అనుకుని మెత్తటి గుడ్డతో తుడిచాం. పోలేదు.

మా ఆయన ఉంగరాల ఫోటోలకు వాడే మాక్రో లెన్స్ బిగించి, ట్రైపాడ్ పెట్టి ఆ రెండు చోట్లనూ ఫోటో తీశారు. ఆ ఫోటో చూశాకే నాకు పిక్సెల్ అంటే ఏమిటో నిజంగా అర్థమైంది. ఒక్కో పిక్సెల్‌లో పక్కపక్కనే మూడు నిలువు గీతలు: ఎరుపు, పచ్చ, నీలం. చుట్టూ అంతా నల్లగా ఉంటే ఒక్క పచ్చగీత మాత్రం ఎవరో ఆర్పడం మరిచిపోయిన దీపంలా వెలుగుతోంది. కింద అంచు దగ్గర దానికి పూర్తిగా వ్యతిరేకం. చుట్టూ మూడేసి గీతలూ వెలుగుతుంటే అక్కడ మూడూ ఆరిపోయి ఉన్నాయి.

మా నాయనది చంద్రగిరి దగ్గర పల్లె. చెరువు కింద సేద్యం చేసిన మనిషి. ఇదంతా ఆయనకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తే చెరువు తూములే గుర్తొచ్చాయి. ఎల్‌సీడీ తెర వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, చెరువులో నీళ్లున్నట్టు. ముందున్న ప్రతి గీతా ఒక తూము. దాన్ని తెరిచి మూసేది ఒక చిన్న ట్రాన్సిస్టర్. అది పాడై తూము తెరుచుకునే ఉండిపోతే వెలిగే చుక్క, మూసుకునే ఉండిపోతే నల్లచుక్క. నా మానిటర్‌లో 2560 అడ్డం, 1440 నిలువు, మొత్తం 36,86,400 పిక్సెళ్లు. ఒక్కోదానికి మూడు చొప్పున కోటీ పది లక్షలకు పైగా తూములు. నాయన అంతా విని, "కోటి తూముల్లో ఒకటి చెడింది, అంతే కదమ్మా" అన్నాడు. షాపువాళ్లు, కంపెనీవాళ్లు తర్వాత నాతో అన్నదీ అదే మాట. లెక్క ప్రకారం అది నిజమే. కానీ చెడిన తూము నా మడి నడుమనే ఉంది. తెర మధ్య నుంచి నాలుగు వేళ్ల దూరంలో, ముఖాలు పెట్టుకుని పని చేసే చోట.

మర్నాడు బిల్లు పట్టుకుని కొన్న షాపుకి వెళ్లాం. వాళ్ల దగ్గర మార్చి ఇచ్చే గడువు ఏడు రోజులే. షాపాయన మర్యాదగానే మాట్లాడాడు. "చూడమ్మా, వారం లోపల వచ్చుంటే నేనే మార్చి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు కంపెనీ వాళ్లే చూడాల. ఒకట్రెండు చుక్కలకు మాత్రం వాళ్లు ఒప్పుకోరు, ముందే చెప్తున్నా" అన్నాడు. షాపులో చూపించినప్పుడు తెర మీద వేసింది కొండలు, పూలు, చిలుకలు ఉన్న డెమో వీడియో. అంత రంగులో ఏ చుక్కా కనపడదు. ఇంటికి తెచ్చిన రోజే ఐదు రంగులూ పెట్టి చూసి ఉంటే, రెండు నిమిషాల పనితో ఈ కథ అంతా తప్పేది. ఇప్పుడు నేను ఎవరికైనా చెప్పేది ఇదే. మానిటర్ గానీ టీవీ గానీ పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. ఆ రోజు రాత్రే గది చీకటి చేసి నలుపు, తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటే తెర నిండా పెట్టి చూడండి. షాపు గడువు కంపెనీ వారంటీ కన్నా చాలా చిన్నది. కానీ పిక్సెల్ విషయంలో మనకు అక్కరకొచ్చేది అదే. ఆ వారంలో వెళ్లుంటే మా షాపాయన ఎన్ని చుక్కలని లెక్క అడిగేవాడు కాదు.

టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను. ఐదు రోజులకు ఇంజనీర్ వచ్చాడు. తిరుపతికీ చిత్తూరుకీ కలిపి తానొక్కడేనట. వాన పడుతుంటే బండి మీద తడిసి వచ్చాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టాం. తెర మీద రంగులు మార్చి చూసి, ఫోన్‌తో ఫోటోలు తీసుకుని, జాబ్‌షీట్ మీద రాశాడు: వెలిగేది ఒకటి, నల్లది ఒకటి.

"లిమిట్‌లోనే ఉంది అక్కా. నేను రిపోర్ట్ పంపిస్తా గానీ, రిజెక్ట్ అవుతుంది" అన్నాడు.

"ఏ లిమిట్? అది ఎక్కడ రాసుంది?" అని అడిగాను.

వెలిగేవి మూడు దాకా, నల్లవి ఐదు దాకా, రెండూ కలిపి ఐదు దాకా ఉంటే లోపం కిందికి రాదని చెప్పాడు. పెట్టెలో వచ్చిన వారంటీ కార్డు తెచ్చి అతని ముందు పెట్టాను. ఇద్దరం కలిసి చదివాం. అందులో ఆ అంకెలు లేవు. పిక్సెల్ లోపాలకు కంపెనీ పాలసీ వర్తిస్తుందని ఒక చిన్న వాక్యం ఉంది, అంతే. అంకెలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఎక్కడో సపోర్ట్ పేజీలో ఉన్నాయి. 23,800 పెట్టి కొనేటప్పుడు ఆ పేజీ ఉందని మాకెవరు చెప్పారు? నాకు కోపం వచ్చింది. ఆ అబ్బాయి మీద మాత్రం కాదు.

వెళ్తూ వెళ్తూ అతనొక మంచిమాట చెప్పాడు. "వీడియోలు చూసి చుక్కను వేలితో నొక్కొద్దు అక్కా. ప్యానెల్ మీద మచ్చ పడితే ఫిజికల్ డ్యామేజ్ కింద రాసేస్తారు. అప్పుడు మూడేళ్ల వారంటీ కూడా పోతుంది." అప్పటికే నేనలాంటి వీడియోలు నాలుగు చూశాను. పెన్సిల్ మొనకు గుడ్డ చుట్టి నొక్కమంటారు. చెయ్యనందుకు దేవుడికి దండం పెట్టుకున్నా. రంగులు గబగబా మార్చి చుక్కను కదిలించే ప్రోగ్రామ్ మాత్రం ఒక రాత్రంతా నడిపాను. ఇరుక్కుపోయిన చుక్క కొన్నిసార్లు దానితో విడివడుతుందట. నాది కదల్లేదు.

మూడు రోజులకు మెసేజ్ వచ్చింది: ప్రోడక్ట్ ప్రమాణాలకు లోబడి ఉంది, కంప్లైంట్ క్లోజ్ చేశాం.

ఆ "ప్రమాణాలు" అన్న మాట నన్ను పట్టుకుంది. ఎవరు పెట్టిన ప్రమాణాలు? దొరికింది దొరికినట్టు చదివాను. 2001లో ఐఎస్‌ఓ 13406-2 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఫ్లాట్ తెరలను అందులో నాలుగు తరగతులు చేశారు. మొదటి తరగతిలో ఒక్క చుక్క కూడా ఉండకూడదు. రెండో తరగతిలో పది లక్షల పిక్సెళ్లకు పూర్తిగా వెలిగేవి రెండు, పూర్తిగా ఆరినవి రెండు, నా పచ్చగీత లాంటి ఒంటిగీత లోపాలు ఐదు ఉండొచ్చు. నాలుగో తరగతిలో అవే 50, 150, 500. 2008లో దాని స్థానంలో ఐఎస్‌ఓ 9241 వరుస ప్రమాణాలు వచ్చాయి. తరగతులుగా విడదీసే పద్ధతి మాత్రం కొనసాగింది. మనం ఇళ్లల్లో కొనే తెరలకు చాలా కంపెనీలు ఈ రెండో తరగతినో, దాని మీద తాము వేసుకున్న సొంత అంకెలనో పాటిస్తాయి.

ఇక్కడ నాకు అన్యాయం అనిపించింది ఆ "పది లక్షలకు" అన్న మాట. ఆ ప్రమాణం వచ్చిన రోజుల్లో మామూలు మానిటర్ 1024×768, అంటే ఎనిమిది లక్షల పిక్సెళ్లు కూడా లేవు. నా మానిటర్‌కు అదే లెక్క కడితే వెలిగేవి ఏడు, ఆరినవి ఏడు, ఒంటిగీత లోపాలు పద్దెనిమిది దాకా ఉన్నా అది "మంచి" మానిటరే. 4కే టీవీలో 82,94,400 పిక్సెళ్లు. దానికి పదహారు, పదహారు, నలభై ఒకటి. తెర మెరుగయ్యేకొద్దీ ఉండదగ్గ లోపాలు కూడా పెరుగుతూ పోతాయి. పిక్సెల్ చిన్నదవుతోంది కదా, అంతగా కనపడదు అన్న వాదనలో నిజముంది. నా మానిటర్‌లో ఒక పిక్సెల్ మిల్లీమీటర్‌లో పావు వంతు కూడా ఉండదు. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజ కొండలా కనిపిస్తుంది. ఒక్క చుక్కా లేని ప్యానెళ్లనే అమ్మాలంటే ధర పెరుగుతుందన్నదీ నేను ఒప్పుకుంటా. కానీ ఆ సంగతి అమ్మేటప్పుడే చెప్పాలి. కొనేవాడు ఎంచుకోవాలి. అలా ఎంచుకునే వీలు ఉంది కూడా. డెల్ తన అల్ట్రాషార్ప్ మానిటర్లలో వారంటీ కాలంలో ఒక్క వెలిగే చుక్క కనిపించినా మార్చి ఇస్తామని రాతపూర్వకంగా చెబుతుంది. ముందే తెలిసి ఉంటే మరో నాలుగు వేలు ఎక్కువ పెట్టి అలాంటిదే చూసుకునేవాళ్లం.

వెలిగే చుక్కకీ నల్లచుక్కకీ తేడా కూడా అప్పుడే తెలిసింది. అందుకే కంపెనీలు వెలిగేవాటిని తక్కువ ఒప్పుకుంటాయి. నల్లచుక్క తెల్లటి కాగితం మీద కనిపిస్తుంది గానీ ఫోటోలో కలిసిపోతుంది. వెలిగేది అలా కాదు. జడలో, కోటులో, రాత్రి రిసెప్షన్ ఆకాశంలో, ఎక్కడ నలుపుంటే అక్కడ పొడుస్తుంది.

ఆ రోజుల్లో పని ఆపే వీలు లేదు. ముఖాన్ని పక్కకు జరుపుకుంటూ దిద్దేదాన్ని. అలా దిద్దిన ఒక ఆల్బమ్‌లోనే దెబ్బ తగిలింది. రాత్రి ఊరేగింపు ఫోటోలో కెమెరా సెన్సార్ వల్ల వచ్చిన ఎర్రచుక్క ఒకటి నిజంగానే ఉంది. తెర మీద చుక్క కనపడితే "ఇది మానిటర్‌దే" అనుకోవడం కంటికి అలవాటైపోయి దాన్ని వదిలేశాను. ల్యాబ్ నుంచి షీటు వచ్చాక చూస్తే పెళ్లికొడుకు కోటు మీద ఎర్రగా అచ్చయింది. ఆ షీటు మళ్లీ వేయించి ఇచ్చాం. డబ్బు పెద్దది కాదు. కానీ నా కన్ను మీద నాకున్న నమ్మకం సడలింది. ఈ పనిలో ఉన్నవాళ్లకు అంతకన్నా పెద్ద నష్టం లేదు. ఊరికే చుక్క అనేవాళ్లకు నేను చెప్పలేకపోయింది ఇదే.

చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేసే మా చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆయన మొదట తన టీవీ సంగతి చెప్పాడు. పదో నెలలో తెర మీద పైనుంచి కిందికి నిలువు గీత వచ్చిందట. ఒక్క మాట కూడా అనకుండా ప్యానెల్ మార్చి ఇచ్చారట. గీత వస్తే లెక్కలు లేవు, అది లోపమే. చుక్క వస్తేనే లెక్కపెట్టేది. ఆయన కక్షిదారు ఒకాయనకు అదే గీత వారంటీ అయిపోయిన రెండో నెలలో వచ్చిందట. ప్యానెల్‌కు అడిగిన ధర కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉందట. "నీకింకా రెండేళ్ల పైన వారంటీ ఉంది పాపా, తొందరపడి ఎవరితోనూ గొడవ పడొద్దు, కాగితం మీద నడుపు" అన్నాడు.

ఆయన చెప్పిన దాంట్లో నాకు పనికొచ్చిన మాటలు మూడు. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపం అంటే పాడైపోవడం ఒక్కటే కాదు. అమ్మినవాడు ఉంటుందని చెప్పుకున్న నాణ్యత లేకపోవడం కూడా లోపమే. రెండోది, కేసు మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా సరే. రెండేళ్ల లోపు వెయ్యాలి, ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. మూడోది, దానికన్నా ముందు 1915కి ఫోన్ చెయ్యి అని. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. "వినియోగదారుల కమిషన్‌కు పోతే గెలుస్తావని నేను చెప్పను. వాళ్ల పాలసీ వాళ్ల చేతిలో ఉంది. కానీ పాలసీని నీకు ముందు చూపలేదన్నది నీ చేతిలో ఉంది. అదే పట్టుకో."

అప్పుడు మానిటర్ పెట్టె అటక మీద నుంచి దింపాను. పెట్టె మీదే పెద్ద అక్షరాలతో ఫోటో ఎడిటింగ్ కోసమని, రంగులు కచ్చితంగా చూపుతుందని ఉంది. దాన్ని ఫోటో తీశాను. వారంటీ కార్డు రెండు వైపులా తీశాను. బిల్లు, జాబ్‌షీట్, క్లోజ్ చేసిన మెసేజ్, మాక్రో ఫోటోలు, పక్కన స్కేలు పెట్టి తీసిన మరో ఫోటో, అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాను.

సెప్టెంబరు రెండో వారంలో 1915కి చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఓపిగ్గా విని, "మీరు ఏం అడుగుతున్నారు మేడమ్, రీప్లేస్‌మెంటా, రీఫండా?" అంది. ఆ ప్రశ్న అంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. నేను కూడా బాధ చెప్పుకుంటూ వచ్చానే గానీ కావలసింది ఒక్క ముక్కలో చెప్పలేదు. "అదే మోడల్, వెలిగే చుక్క లేనిది" అన్నాను. డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబరు, వచ్చింది. కాగితాలన్నీ వాళ్ల సైటులో పెట్టాను. రాసేటప్పుడు లిమిట్ దాటిందని రాయలేదు. దాటలేదు కాబట్టి అబద్ధం ఎందుకు? ఇలా రాశాను: ఈ మానిటర్‌ను ఫోటో ఎడిటింగ్ కోసమని అమ్మారు, అందుకోసమే కొన్నాను. తెర మధ్యలో వెలిగే చుక్క వల్ల ఆ పని సాగడం లేదు. మూడు చుక్కల దాకా ఉండొచ్చన్న షరతు పెట్టె మీద గానీ, బిల్లు మీద గానీ, వారంటీ కార్డులో గానీ లేదు.

హెల్ప్‌లైన్ వాళ్లు తీర్పు ఇవ్వరు. మన ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. కానీ టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పుకోవడానికీ దీనికీ ఒక తేడా నేను కళ్లారా చూశాను. ఈసారి ఫోన్ చేసింది కాల్‌సెంటర్ కాదు, కస్టమర్ ఫిర్యాదులు చూసే పైస్థాయి మనిషి. పదకొండో రోజు చేశారు. మొదట ఆయన కూడా పాలసీ చదివి వినిపించారు. నేను విన్నాను. అంతా అయ్యాక, "సార్, మీరు చదివిన ఆ పేజీ నేను కొనకముందు నాకు ఎక్కడ కనపడాలి?" అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మాక్రో ఫోటో చూశామని, చుక్క తెర మధ్యభాగంలో ఉందని గమనించామని, పాలసీ ప్రకారం కాకపోయినా ప్రత్యేకంగా పరిగణించి మార్చి ఇస్తామని చెప్పారు. షరతులు కూడా చెప్పారు. వచ్చేది కొత్తదే కావాలని లేదు, కంపెనీలో బాగుచేసి పరీక్షించినది కావచ్చు. వారంటీ మళ్లీ మూడేళ్లు మొదలు కాదు, మిగిలినదే కొనసాగుతుంది. ఈమెయిల్‌లో రాసి పంపమన్నాను. పంపారు. అది చూశాకే సరేనన్నాను.

సెప్టెంబరు చివరి వారంలో అదే ఇంజనీర్ పెట్టెతో వచ్చాడు. "సాధించావక్కా" అని నవ్వాడు. సంతకం పెట్టే ముందు ఐదు రంగులూ చూడాలన్నాను. అతనికీ అది మంచిదే అనిపించింది. తనే కిటికీ రెక్కలు మూశాడు. నలుపు పెట్టాం. నాలుగు మూలలూ నడుమా వేలు పెట్టినట్టు వెతికాం. ఏమీ లేదు. ఎరుపు, పచ్చ, నీలం, ఏమీ లేదు. తెలుపు పెడితే కింద ఎడమ మూలన ఒక నల్లచుక్క కనిపించింది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "రిటర్న్ రాయమంటే రాస్తానక్కా. మళ్లీ ఎన్ని రోజులవుతుందో చెప్పలేను" అన్నాడు. నేను ఫోటోషాప్ తెరిచి చూశాను. ఆ చుక్క ఉన్నచోట కింద టాస్క్‌బార్ వస్తుంది. అక్కడ ముఖాలు రావు, బట్టలు రావు. అది నల్లది, వెలిగేది కాదు. ఉంచుకుంటానన్నాను. ఒక్కటి మాత్రం అడిగాను. అమర్చేటప్పటికే కింద ఎడమ మూలన ఒక నల్లచుక్క ఉందని జాబ్‌షీట్‌లో రాయమని. రేపు ఇంకో చుక్క వస్తే ఎప్పుడొచ్చిందన్న మాట రాకూడదు. రాసి ఇచ్చాడు, ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ కాగితం, పాత బిల్లు, ఈమెయిల్ ప్రింటు ఒకే కవర్లో బీరువాలో ఉన్నాయి.

ఆ పెళ్లికూతురి ఆల్బమ్ అప్పటికే ఇచ్చేశాం. అయినా ఆ రాత్రి ఆ ఫైల్ తెరిచి, ముఖాన్ని సరిగ్గా అదే చోటికి తెచ్చి, 200 శాతానికి పెద్దది చేశాను. బుగ్గచుక్కలో కాటుక నలుపు తప్ప ఇంకేమీ లేదు. మా ఆయన కూడా వెనక నిలబడి చూశారు. తర్వాత నేను ల్యాబ్‌కు పంపాల్సిన షీట్లు తీశాను.